తాడు అవతలి కొస

పెద్ద వంతెన మునిగిన వరద వచ్చిందే, ఆ మరుసటి ఏడు. గోడలన్నీ ఇంకా చెమ్మ కక్కుతూనే ఉన్నాయి. గొట్టాల పని చేసేవాళ్ళకు చేతినిండా పని. ఆ సాయంత్రం నేను పని దిగి ఇంటికి వచ్చేసరికి నా కొడుకు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. నా వెనక నా బావమరిది వస్తున్నాడు. తాడు సంచి బావమరిది భుజాన ఉంది.

కొడుకు నా మొహం చూడలేదు. సంచి చూశాడు.

"తాడు ఎవరు పట్టారు?" అన్నాడు.

నేను చెప్పులు విప్పుకుంటున్నాను. చెప్పులు విప్పడానికి అంతసేపు పట్టదు. అయినా విప్పుతూనే ఉన్నాను.

"నేనేరా," అన్నాడు బావమరిది. "మీ నాన్న రమ్మన్నాడు, వచ్చాను. కూర్చోమన్నాడు, కూర్చున్నాను. మధ్యలో నన్నేమీ అనకు."

"నిన్ననడం లేదు మావయ్యా. నిన్ను పిలిచిన మనిషిని అడుగుతున్నా."

"నువ్వు ఆసుపత్రికి వెళ్ళావు కదా," అన్నాను.

"అందుకేనా? ఇవాళ ఒక్కరోజుకేనా?"

నేను చెప్పులు గోడ పక్కకు జరిపాను. నా బదులు వాడికి అందింది.

మా పని మేడల బయటి గోడల మీద. పగిలిన గొట్టాలు మార్చడం, అతుకుల్లో కారుడు ఆపడం, గోడ నెర్రెల్లో మొలిచిన మొక్కలు పీకి సిమెంటు పూయడం. తాడుకు కట్టిన పలక మీద కూర్చుని నేను దిగుతాను. పైన డాబా మీద నా కొడుకు పిట్టగోడకు పాదాలు తన్ని కూర్చుని, తాడును నడుం చుట్టూ తిప్పి పట్టుకుంటాడు. కొందరు నీళ్ళ ట్యాంకు స్తంభానికి తాడు చుట్టి వదులుతారు. నాకది నచ్చదు. కింద మనిషికి చెయ్యి వణికినా స్తంభానికి తెలియదని నా వాదన. నా కొడుకు మనిషి. అందులోనూ అప్పట్లో ఇద్దరు మనుషులంత మనిషి. పనివాళ్ళు వాణ్ణి లంగరు అనేవాళ్ళు. వాడు కూర్చున్నాక ఓడయినా కదలదని.

వాడు బరువు తగ్గడానికి ఆపరేషను చేయించుకుని ఏడాది కావస్తోంది. పొట్టలో ముప్పాతిక కోసి తీసేశారు. లంగరు రోజురోజుకీ కరిగిపోయాడు. పోయిన వారం నేను గోడ మధ్యలో ఉండగా పైన వాడికి కళ్ళు తిరిగాయి. తాడు జారింది. నేను ఒక కిటికీ ఊచ పట్టుకుని వేలాడాను. వాడు తేరుకుని నన్ను పైకి లాగాడు. నేను తాడు చుట్టి సంచిలో పెట్టాను. ఏమీ అనలేదు. తర్వాత వానలు పట్టి పని లేకపోయింది. వాన వెలిసిన మొదటి రోజు నేను బావమరిదిని తీసుకెళ్ళాను.

"గడప దగ్గర ఆగకండి, లోపలికి జరగండి, లోపలికి." నా కోడలు అప్పుడే పని నుంచి వచ్చింది. ఆమె బస్సులో టికెట్లు కొడుతుంది. ఇంట్లో కూడా అదే గొంతు. "బాబాయ్‌గారూ, మీరు కాస్త పక్కకు తిరిగితే మిగతా జనం ఎక్కుతారు."

బావమరిది పక్కకు తిరిగాడు. పెద్ద తేడా రాలేదు. వాణ్ణి ఊరంతా గుమ్మం అంటారు. గుమ్మంలో నిలబడితే వెనక నుంచి వెలుతురు రాదు.

భోజనాల దగ్గర ఎవరి కంచం వాళ్ళం చూసుకున్నాం.

కొడుకు ముందు చిన్న గిన్నె, చిన్న చెంచా. ఉడికించిన గుడ్డు సగం, మెత్తగా చేసిన కూర కాస్త. ఒక్కో ముక్కా పిండి అయ్యేదాకా నములుతాడు. తింటూ నీళ్ళు తాగడు. మేమంతా చెయ్యి కడుక్కుని లేచినా వాడు ఆ గుడ్డు దగ్గరే ఉంటాడు. ఇదివరకు అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే వెనక లేచేవాడు. ఇప్పుడూ వెనకే లేస్తాడు.

"నువ్వది మింగేలోపు నేను ఊరెళ్ళి వస్తానురా," అన్నాడు బావమరిది.

"వెళ్ళిరా మావయ్యా. నీ పొట్ట అక్కడే దించిరా."

బావమరిది నవ్వాడు. వాడికి కోపం రాదు.

"నవ్వండి," అన్నది నా భార్య. "నా బిడ్డ ఎండి వరుగైపోతుంటే మీకు నవ్వులాటగా ఉంది. జుట్టు చూడు, దువ్వెనకే సగం పోతోంది. ఫ్యాను వేస్తే వణుకుతున్నాడు. వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ ఏం జబ్బు చేసిందమ్మా అని నన్నే అడుగుతున్నారు. ఒరే, ఇంకొక్క గరిటె వేయించుకో."

"వద్దమ్మా."

"ఒక్కటే."

"పట్టదమ్మా."

"పట్టకపోవడమేమిటి? నేను కన్న కడుపు నాకు తెలియదా?"

"మీరు కన్నది వాళ్ళు బుట్టలో పడేశారు అత్తయ్యా. ఇది మిగిలిన ముక్క," అన్నది కోడలు. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "డాక్టరమ్మ ఏమంది?"

కొడుకు నోట్లోది పూర్తిగా నమిలి మింగాడు. మింగేదాకా మాట్లాడడు.

"బరువు కదల్లేదు. కొన్నాళ్ళు ఆగుతుందట, మళ్ళీ కదులుతుందట. కంగారు పడొద్దంది. రక్తం చూసి మాత్రం మొహం చిట్లించింది. తీపి తాగుతున్నావా అని అడిగింది. లేదన్నాను. మళ్ళీ అడిగింది. నమ్మలేదు."

"డాబా మీద కళ్ళు తిరిగింది చెప్పావా?" అన్నది కోడలు.

"చెప్పబట్టే అడిగింది. ఈ కోసిన పొట్టకి తీపి పడితే ఒంట్లో చక్కెర అమాంతం ఎక్కి, కాసేపటికి దబ్బున పడిపోతుందట. అప్పుడు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళకు చీకట్లు కమ్ముతాయి. నాకు అన్నీ అయ్యాయి. కానీ నేను తీపి ముట్టింది ఎక్కడ?"

"ఏం చదువులో ఏమో," అన్నది నా భార్య. "తీపి తింటే కళ్ళు తిరుగుతాయట. తినకపోతే తిరుగుతాయి గానీ. నేను రోజూ నీ సీసాలో ఇంత పంచదార కలపబట్టి ఆ మాత్రమైనా నిలబడుతున్నావు."

ఎవరూ నమలడం లేదు. బావమరిది కూడా ఆపాడు.

"ఏ సీసాలో అత్తయ్యా?" కోడలి గొంతు టికెట్ల గొంతు కాదు.

"పనికి పట్టుకెళ్తాడు కదా, డాక్టరమ్మ రాసిచ్చిన ఆ పొడి కలిపిన సీసా. ఉత్త పొడి నీళ్ళు తాగి ఎండలో కూర్చుంటే మనిషి ఏమవుతాడు? కొత్త డబ్బా తెచ్చిన దగ్గర్నుంచీ కలుపుతున్నాను. తెలిస్తే తాగడని చెప్పలేదు."

"కొత్త డబ్బా తియ్యగా ఉందనుకున్నాను," అన్నాడు కొడుకు. ఎవరితోనూ కాదు.

నా భార్య చేతిలో గరిటె అలాగే ఉంది. మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూసింది. చూస్తూ చూస్తూ ఆమెకు అర్థమైంది. గరిటె గిన్నెలో పెట్టబోయి నేల మీద పెట్టింది.

"పోనీలే అమ్మా," అన్నాడు వాడు.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. కోడలు వెనకాలే వెళ్ళబోయి ఆగింది. కొడుకు నా వైపు తిరిగాడు.

"విన్నావుగా నాన్నా."

"విన్నాను."

"నేను పట్టు వదల్లేదు. ఒళ్ళు తెలియలేదు. ఎందుకో ఇప్పుడు తేలింది. రేపు తాడు ఎవరు పడతారు?"

"నేను మానేస్తా బావా," అన్నాడు బావమరిది. "నాకా పిట్టగోడ కింద నడుం పట్టేసింది."

"నువ్వుండు మావయ్యా. నాన్నని చెప్పనీ."

నేను వాడి మణికట్టు చూశాను. గడియారం మోచేతి దాకా జారుతోంది. మెడ కింద చర్మం వేలాడుతోంది, సరుకు తీసేసిన సంచిలాగా. పంచదార సంగతి వేరు. ఇది వేరు. నేను తాడుకు ఇవతల వేలాడుతుంటే అవతల ఈ మణికట్టు. నాకు కిటికీ ఊచ గుర్తొచ్చింది.

"చూద్దాం," అన్నాను.

వాడు నవ్వాడు. బాగా లేదు ఆ నవ్వు.

"చూద్దాం అంటే లేదని. పుట్టినప్పటి నుంచీ వింటున్నా ఆ మాట. సరే. కార్లు నిలిపే చోట గదిలో కూర్చునే పని ఉందన్నారు. అడ్డకర్ర ఎత్తాలి, దించాలి. అది కూడా మీట నొక్కితే చాలు. రేపు పొద్దున రమ్మన్నారు. వెళ్తాను."

"పొద్దస్తమానం కూర్చునే పనా?" అన్నది కోడలు. "డాక్టరమ్మ నడవమంది, మెట్లెక్కమంది. కూర్చోబెట్టి తినిపించే ఉద్యోగానికి పోయి మళ్ళీ మొదటికొస్తావా?"

"మరి ఏం చెయ్యను? నేను సగమయ్యాను కాబట్టి సగం మనిషినట."

"నేను అలా అన్లేదు," అన్నాను.

"నువ్వు ఏమన్నావు నాన్నా? అదే చెప్పు. తాడు జారిన రోజు పైకి వచ్చావు. ఏమైందిరా అని అడిగావా? దెబ్బ తగిలిందా అన్నావా? తిట్టావా? తిట్టినా బాగుండేది. తాడు చుట్టుకున్నావు."

గిన్నెలో సగం గుడ్డులో సగం మిగిలింది. వాడు లేచి వెళ్ళిపోయాడు.

కోడలు ఆ గిన్నె కేసి చూస్తూ కూర్చుంది.

"ఇదివరకు ఈయన నా బస్సెక్కితే రెండు సీట్లలో కూర్చునేవాడు మామయ్యా. నేను ఒక్క టికెట్టే కొట్టి అటు తిరిగేదాన్ని. జనం గుసగుసలాడుకునేవాళ్ళు. మొన్న కిటికీ పక్కన ఒక్క సీట్లో కూర్చున్నాడు. పక్కన ఇంకొకావిడ కూర్చుంది. ఈయన దారి పొడుగునా ఆవిణ్ణి చూసి మురిసిపోతూనే ఉన్నాడు. ఆవిడ ఏమనుకుందో పాపం." గిన్నె తన వైపుకు లాక్కుంది. "బూట్ల తాళ్ళు తనే కట్టుకుంటున్నాడు. వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. మీరు ఇవేవీ చూడలేదు. తాడొక్కటే చూశారు."

నేను వంటింట్లోకి వెళ్ళాను. నా భార్య పీట మీద కూర్చుని ఉంది. పంచదార డబ్బా ఒళ్ళో ఉంది.

"ఇద్దర్నీ ఒక్కసారే పోగొట్టుకునేదాన్నా?" అన్నది.

"లేదు."

"ఇంకేమైనా అనండి."

ఆమె పక్కన నిలబడ్డాను.

"ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే అరిగిపోతారా మీరు?" అన్నది. డబ్బా మూత గట్టిగా బిగించింది.

పెరటి మెట్ల మీద ఇంకా వెలుతురు ఉంది. తాడు తీసి ఒక్కో జానా వేళ్ళతో తడిమి చూస్తున్నాను. రోజూ చేసేదే. ఎక్కడైనా పోగు తెగితే వేలికి తగులుతుంది. కొడుకు వచ్చి కింద మెట్టు మీద కూర్చున్నాడు. ఇదివరకు ఆ మెట్టు మీద వాడు పట్టేవాడు కాదు. రెండో కొస అందుకుని వాడూ తడమసాగాడు.

చాలాసేపు అలా ఇద్దరం తాడు చూశాం.

"నువ్వెప్పుడైనా ఈ కొస పట్టావా నాన్నా?" అన్నాడు.

"లేదు. మా మేస్త్రీ పట్టేవాడు. తర్వాత నువ్వు."

"అయితే నీకు తెలియదు."

"ఏమిటి?"

వాడు తాడు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు పిట్టగోడ దాటి కనపడకుండా పోతావు. అక్కడి నుంచి నాకు తాడొక్కటే. నువ్వు కింద కూని రాగం తీస్తుంటావు, గొట్టం మీద కొడుతుంటావు, నీకు పని. నాకు పని లేదు. భయమొక్కటే. ముక్కు దురద పెట్టినా గోక్కోను. మూత్రం వచ్చినా లేవను. నిన్ను పట్టింది నా బరువనుకుంటున్నావు నువ్వు. బరువైతే నిద్రపోయి కూడా పట్టేవాణ్ణి. నిన్ను పట్టింది ఆ భయం. అది తగ్గలేదు నాన్నా. ఆపరేషన్లో దాన్ని తియ్యలేదు."

నేను తాడు తడమడం ఆపాను.

"నువ్వు పైకి వచ్చి కాలు డాబా మీద పెట్టగానే నాకు ఆకలేసేది. ఏం ఆకలో. కడుపులో పెద్ద గొయ్యి తవ్వినట్టు. తింటూనే ఉండేవాణ్ణి. పనివాళ్ళు తెచ్చుకున్నవి కూడా అడిగి తినేవాణ్ణి. ఇంటికొచ్చి మళ్ళీ. నువ్వు నవ్వేవాడివి, లంగరుకి ఇనుము కావాలని."

నవ్వేవాణ్ణి. అది నిజం.

"ఇప్పటికీ వేస్తుందా?" అని అడిగాను.

వాడు తలెత్తి చూశాడు.

"వేస్తుంది. తినడానికి చోటు లేదు. అందుకని లేచి డాబా చుట్టూ తిరుగుతాను. నువ్వు సామాను సర్దుకుంటుంటావు, చూడవు." ఒళ్ళోంచి తాడు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "స్తంభానికి చుట్టి పట్టుకుంటానని ఎన్నిసార్లు అన్నాను? బరువు స్తంభం మోస్తుంది, తాడు నా చేతిలో ఉంటుంది. నువ్వు ఒప్పుకోవు. నా ఒళ్ళే కావాలంటావు. ఆ ఒళ్ళు ఇక రాదు నాన్నా. రప్పించలేను. రప్పించను."

లోపల నుంచి బావమరిది గురక వినిపించింది. ఇంకా దీపాలు కూడా పెట్టలేదు.

"ఆ గదిలో పని," అన్నాను. "ఎన్నింటికి రమ్మన్నారు?"

"పెందలాడే. ఎండ ఎక్కేలోపు ఉండాలట." తన వైపు కొస చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఇటు బాగానే ఉంది తాడు. ఎక్కడా తెగలేదు."

లోపలికి వెళ్ళాడు. నేను చీకటి పడేదాకా ఆ మెట్టు మీదే ఉన్నాను. తడిమిన చోటే మళ్ళీ తడిమాను.

మర్నాడు నేను లేచేసరికి వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. చొక్కా వదులు. కోడలు తనే సీసా కలిపి మూత పెట్టింది. నా భార్య దూరంగా గోడకు ఆనుకుని చూస్తోంది. సీసా జోలికి పోలేదు.

"గుడ్డు తిన్నావా?" అని అడిగాను.

ఇంట్లో అందరూ నన్ను చూశారు.

"తిన్నాను."

"చొక్కా మార్చుకో. దారిలోనే కదా మనం పనిచేసే మేడ. కాసేపు రా."

"నాకు వేళవుతుంది నాన్నా."

"కాసేపే."

బావమరిది దుప్పట్లోంచి తల బయట పెట్టాడు. "నేను రావాలా బావా?"

"అక్కర్లేదు," అన్నాను. వాడు నాకు దణ్ణం పెట్టి మళ్ళీ ముసుగు తన్నాడు.

మేడ మెట్లు ఎక్కేటప్పుడు కొడుకు ఎక్కడా ఆగలేదు. నేనే ఒకచోట ఆగాను. డాబా మీదికి చేరాక తాడు సంచి విప్పి, కొసను ట్యాంకు స్తంభం మొదట్లో కట్టాను. తర్వాత తాడును స్తంభానికి రెండు చుట్లు తిప్పాను. ఎలా తిప్పాలో వాడు చెప్పాడు. చెప్పినట్టు తిప్పాను. పలక ముడి, నడుం ముడి, భుజం ముడి నేను కట్టాను. అన్నీ లాగి చూశాను. కట్టింది వాడి ఒంటికి.

"నాన్నా, ఏమిటిది?"

"పై అంతస్తు కిటికీ పక్కన అతుకు కారుతోంది. అక్కడి దాకే. నువ్వు దిగు."

"నేనెప్పుడూ దిగలేదు."

"నేనెప్పుడూ పట్టలేదు."

వాడు పిట్టగోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ పలక మీద వాడు కూర్చోవడమన్నది ఇదివరకు పనివాళ్ళ హాస్యం. వాడు గోడ అవతలికి ఒక కాలు వేశాడు. రెండో కాలు వేశాడు. నన్ను ఒకసారి చూశాడు. తల కనపడకుండా పోయింది.

తాడు బిగిసింది. స్తంభం దగ్గర చిన్నగా కిర్రుమంది. వాడి బరువు నా అరచేతుల్లోకి వచ్చింది. ఇంతేనా అనిపించింది మొదట. తర్వాత అలా అనిపించలేదు. మెడ మీద ఏదో పురుగు పాకింది. దాన్ని పాకనిచ్చాను. కడుపులో ఎక్కడో గొయ్యి పడ్డట్టయింది. పొద్దున్నే కడుపునిండా తిని వచ్చినవాణ్ణి నేను.

కింద గొట్టం మీద సుత్తి చప్పుడు మొదలైంది. మొదట తడబడింది. మెల్లగా దారిలో పడింది.

"నాన్నా," అన్నాడు కింద నుంచి. గొంతు మారింది, చిన్నప్పటిలాగా ఉంది. "ఇక్కడి నుంచి మా ఆవిడ బస్సు వెళ్ళే వీధంతా కనపడుతోంది."

"అతుకు చూడు," అన్నాను.

"కింది అతుకు కూడా కారుతోంది నాన్నా. ఇంకాస్త దిగితే అందుతుంది." సుత్తి ఆగింది. "వేళెంతయింది? వెళ్ళాలి కదా."

ట్యాంకు నీడ చూశాను. నీడ పొట్టిదైపోయింది. ఎండ పిట్టగోడ దాటి నా కాళ్ళ మీదికి వచ్చింది. ఆ గదిలో కుర్చీలో ఈపాటికి ఇంకెవరో కూర్చుని ఉంటారు.

"ఇంకా వేళుంది," అన్నాను. తాడు కొంచెం వదిలాను.